గట్టున నాగజెముడు, తొట్టిలో నీళ్లు

పుంగనూరు వైపు మా అక్కావాళ్ల ఊళ్లో ఈమధ్య రైతులకు ఒక సదస్సు పెట్టారు. ముళ్లులేని నాగజెముడు గురించి. మాట్లాడడానికి వచ్చినాయన "మీ మామిడి చెట్ల కింద నేలంతా ఊరికే పడుంది కదా, అంతా ఇదే నాటేయండి. ఎకరాకు టన్నులకు టన్నులు వస్తుంది, ఇక మేత కొనే పనే ఉండదు" అని చెప్పి, టీ తాగి, కారెక్కి పోయాడట. ఆ సాయంత్రమే మా బావ ఫోన్ చేశాడు. "గట్టు మీదుండే జెముడు కంపని మా నాయన పారతో తవ్వి కుప్పేసి కాల్చినాడు. ఇప్పుడు దాన్నే తెచ్చి నాటుకోమంటాండారు. నవ్వాల్నా ఏడవాల్నా బామ్మర్దీ?"

బావ మాట కొట్టిపారేసేది కాదు. అట్లాగని ఆ సదస్సులో చెప్పిందంతా అబద్ధమూ కాదు. ఝాన్సీలోని భారత పచ్చికబయళ్ల, పశుగ్రాస పరిశోధన సంస్థ, మధ్యప్రదేశ్ అమ్లాహాలో ఇకార్డా (మెట్ట ప్రాంతాల వ్యవసాయం మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వాళ్లు ఈ మొక్క మీద పనిచేస్తున్నారు. కేంద్ర భూవనరుల శాఖ వాటర్‌షెడ్ పథకాల్లో దీన్ని నాటించాలని చూస్తోంది. బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల్లో, ట్యునీషియాలో పశువుల పెంపకానికి ఇది పెద్ద ఆధారం. అయినా దీన్ని మన దగ్గర చెబుతున్న తీరు చూస్తే ఇది నిలవదనిపిస్తుంది. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు ఈ మొక్క పనికొస్తుంది అనేదే నా అభిప్రాయం. కానీ పచ్చిమేత పంటగా కాదు, మామిడి చెట్టు మొదట్లోనూ కాదు. గట్టు మీద, పలచటి నీడ ఇచ్చే చెట్ల వరసలో, ఎండాకాలానికి దాచుకున్న నీళ్లుగా. ఈ తేడా చెప్పకుండా పంచిపెడితే మొదటి ఏడు నాటినవాళ్లే రెండో ఏడు పీకేస్తారు.

టన్నుల లెక్క

టన్నులు అబద్ధం కాదు. కాకపోతే ఆ టన్నుల్లో ఉండేదేమిటో ఎవరూ చెప్పరు. నాగజెముడు ఆకులో (నిజానికి అది కాండమే, మనం ఆకనే అంటాం) పదింట తొమ్మిది వంతులు నీళ్లు. ఎకరాకు 20 టన్నులు వచ్చిందంటే ఎండుమేత లెక్కన అది 2 టన్నులు. సూపర్ నేపియర్ గడ్డిలోనూ నీళ్లు ఎక్కువే కానీ ఇంతగా ఉండవు. గాలి తగలకుండా మాగబెట్టిన మొక్కజొన్న మేతలో, అంటే సైలేజ్‌లో, మూడో వంతు దాకా ఎండు పదార్థం ఉంటుంది. వీటితో నాగజెముడును టన్నుకు టన్ను పక్కపక్కన పెట్టి పోల్చడం పాలకేంద్రంలో లీటర్ మాత్రమే చూసి ఫ్యాట్ చూడకపోవడం లాంటిది. ఆ మాట మన రైతుకు చెబితే అరనిమిషంలో అర్థమవుతుంది. చెప్పరు.

ఆ మిగిలిన పదో వంతులోనూ మాంసకృత్తులు తక్కువ. 4 నుంచి 6 శాతం. ఆవు కడుపులో మేతను అరిగించే సూక్ష్మజీవులకు 7 శాతమన్నా లేకపోతే అవి సరిగ్గా పనిచేయవు. పీచూ తక్కువే. అందుకే ఉత్త నాగజెముడే వేస్తే పశువు పారుకుంటుంది. అక్కావాళ్ల పక్కింట్లో ఒక కుర్రాడు ఎక్కడో వీడియో చూసి, తెప్పించుకున్న ఆకుల్లో సగం తరిగి ఒక దూడకే వేశాడట. మర్నాడు పొద్దున కొట్టమంతా కడుక్కోవాల్సి వచ్చింది. పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తారు. ఆయన నవ్వి, ఒట్టిగడ్డి వెయ్యమన్నాడు. దూడ బాగానే ఉంది.

పాడి రైతుకు ఇంకో చిక్కుంది. పీచు లేకుండా నాగజెముడు ఎక్కువైతే పాలలో వెన్న శాతం పడిపోతుంది. బ్రెజిల్ పాడి రైతులకు ఇది బాగా తెలిసిన సంగతి. మన దగ్గర పాలకేంద్రంలో డబ్బు వచ్చేదే ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) మీద. ఫ్యాట్ రెండు పాయింట్లు, అంటే 0.2 శాతం, తగ్గితే ఆ పక్షం బిల్లులో కనబడుతుంది. ఆ బిల్లు చూసిన రైతు ఇక ఈ మొక్క వైపు చూడడు, తప్పు మొక్కది కాకపోయినా.

అక్క అడిగింది

ఈ టన్నుల గొడవంతా నేనూ బావా ఫోన్‌లో తెగ మాట్లాడుకుంటుంటే మధ్యలో అక్క ఫోన్ లాక్కుంది. "టన్నులు మీరు మీరు చూసుకోండిరా. మే నెలలో తొట్టిలోకి నీళ్లు యాడ్నించి వస్తాయో అది చెప్పు" అంది.

నాకు అసలు విషయం అక్కడే ఉందనిపించింది. వాళ్లకు నాలుగు సీమావులు. పాలిచ్చే సీమావుకి ఎండాకాలంలో రోజుకు 60, 70 లీటర్ల నీళ్లన్నా కావాలి. మన వైపు బోరు వెయ్యి అడుగులకు పోయినా నమ్మకం లేదు. కరెంటు ఉన్నప్పుడు గంటసేపు తుంపరగా వచ్చే నీళ్లు ఇంటికి, ఆవులకు, చిన్న మామిడి మొక్కలకు పంచుకోవాలి. అవి చాలకపోతే బిందెలు మోసేది అక్క, బావ కాదు. సదస్సుకు పోయింది బావ, అక్క కాదు.

20 కిలోల నాగజెముడు తరిగి ఒట్టిగడ్డితో కలిపి వేస్తే అందులో 18 లీటర్ల నీళ్లు ఆవు కడుపులోకి పోతాయి. 2 కిలోల ఎండుమేతా పోతుంది, అది అదనం. ఆవు తొట్టి దగ్గర తాగేది ఆ మేరకు తగ్గుతుంది. పొడి ప్రాంతాల్లో నాగజెముడు తింటున్న గొర్రెలు నెలల తరబడి విడిగా నీళ్లు తాగకుండా ఉండగలిగాయని ట్యునీషియా, దక్షిణాఫ్రికా అనుభవాలున్నాయి. సీమావు గొర్రె కాదు, పాలిచ్చే ఆవుకి తొట్టి ఎప్పుడూ ఉండాల్సిందే. అయినా రోజుకు ఆవుకొక బిందె తగ్గినా అక్కకు అది చిన్న విషయం కాదు.

లెక్క వేద్దాం. రెండు ఆవులకు రోజుకు 20 కిలోల చొప్పున 60 రోజులకు 2,400 కిలోలు కావాలి. ఏప్రిల్, మే గట్టెక్కడానికి అంతే. ఎకరం చేను చదరంగా ఉంటే నాలుగు గట్లూ కలిపి సుమారు 250 మీటర్లు. మీటరుకొక మొక్క పెట్టి, రెండు మూడేళ్లు వదిలేసి, ఆ తర్వాత ఏటా మొక్కకు 10 కిలోలు కోసుకున్నామనుకుంటే 2,500 కిలోలు. నేల, వాన, ఎరువును బట్టి అది ఎక్కువా కావచ్చు తక్కువా కావచ్చు. కానీ చేనులో ఒక్క అడుగు కూడా పోకుండా, గట్టు మీద నుంచే ఈ నీళ్లు వస్తాయన్నది నేను పట్టుకున్న పాయింట్. ఎకరమంతా నాటించాల్సిన పనే లేదు.

చెట్టు కింద అంటే

ఇప్పుడు నీడ సంగతి. "చెట్ల కింద" అనే మాట వినడానికి బాగుంటుంది, ఖాళీ నేల వాడుకున్నట్టుంటుంది. కానీ ఏ చెట్టు?

నాగజెముడు మిగతా మొక్కల్లా పగలు గాలి పీల్చదు. ఎండకు ఆకు రంధ్రాలు తెరిస్తే నీళ్లు ఆవిరైపోతాయి కాబట్టి పగలంతా మూసుకుని, రాత్రిపూట తెరిచి బొగ్గుపులుసు వాయువు తీసుకుని పులుపుగా మార్చి దాచుకుంటుంది. పగటి వెలుతురులో ఆ పులుపును వాడుకుంటుంది. కావాలంటే తెల్లారుజామున లేత ఆకు ఒకటి తుంచి ముక్క నాలుక మీద పెట్టుకోండి, పులుపు తెలుస్తుంది. అదే మొక్క నుంచి సాయంత్రం ఇంకోటి తుంచితే చప్పగా ఉంటుంది. ముందు చాకుతో పైన గీకడం మరవొద్దు. ముళ్లులేనిదన్నా ఆకు మీది చుక్కల దగ్గర కంటికి కనబడని నూగు ముళ్లు కొన్ని ఉండొచ్చు. అక్క చేతి తొడుగు లేకుండా పట్టుకుని రెండు రోజులు వేళ్లు గోక్కుంది. గీకినాక జిగురు, వేళ్లకు అంటుకుని ఒక పట్టాన వదలదు. ఛాఫ్ కట్టర్‌లో వేస్తే బ్లేడ్లకూ అంతే, కొడవలితో తరగడమే మేలు.

పగటి వెలుతురు చాలకపోతే రాత్రి దాచింది వాడుకోవడం కుదరదు. చిక్కటి నీడలో పెట్టిన నాగజెముడు చావదు, ఆకులు పలచబడి పొడుగ్గా సాగుతాయి, అంతే. కాబట్టి కాపుకొచ్చిన మామిడి కింద, చింత కింద ఇది దండగ. పలచటి నీడ, అందులోనూ ఎండాకాలం ముందు ఆకు రాల్చే చెట్టయితే ఫరవాలేదు. వేప, నల్ల తుమ్మ, కొమ్మలు కొట్టుకుంటూ ఉండే గ్లైరిసిడియా (పచ్చిరొట్ట చెట్టు), అవిస లాంటివి. 40 దాటిన ఎండలో కొద్దిపాటి నీడ లేత ఆకుకు మంచిదే.

మామిడిలో దీనికి చోటు ఎప్పుడంటే, తోట చిన్నగా ఉన్నప్పుడు. పది మీటర్లకొక మొక్క, ఎకరాకు 40. మొదటి ఏడెనిమిదేళ్లు వరసల మధ్య ఎండ పుష్కలం, మన వాళ్లు ఆ సాళ్లలో శెనక్కాయలో ఉలవలో వేసుకుంటారు. అక్కడ ఒక వరస పెట్టుకోవచ్చు. బావ దానికీ ఒప్పుకోలేదు. ఆయన కారణాలు వినదగ్గవే. ఏటా ట్రాక్టర్‌తో తోట దున్నించాలి, మధ్యలో ఈ వరస ఉంటే ట్రాక్టర్ తిరగదు. కాపు గుత్తకు ఇచ్చినప్పుడు కోతకొచ్చే కూలీలు చీకటితోనే చెట్ల కింద తిరుగుతారు, గుబురుంటే పాముల భయం. ఈ రెండిటికీ నా దగ్గర జవాబు లేదు. అందుకే సాళ్లు వదిలి గట్టు అంటున్నాను.

ఇక్కడ చెట్టు ఉండాల్సింది నీడ కోసం కాదు. నాగజెముడులో లేనిది చెట్టు దగ్గర ఉంది. గ్లైరిసిడియా ఆకులో, అవిస ఆకులో మాంసకృత్తులు 20 శాతం దాకా ఉంటాయి. గట్టు మీద ఒక గ్లైరిసిడియా, దాని పక్కన నాగజెముడు, మళ్లీ గ్లైరిసిడియా. ఒకటి నీళ్లు, తీపి పదార్థం ఇస్తుంది, ఇంకోటి సత్తువ ఇస్తుంది. పీచుకు ఒట్టిగడ్డి, శెనక్కట్టె ఎలాగూ ఉన్నాయి. గ్లైరిసిడియా వాసనకు ఆవు మొదట ముఖం తిప్పేస్తుంది, ఒక పూట వాడబెట్టి వేస్తే మెల్లగా అలవాటు పడుతుంది. బ్రెజిల్‌లోనూ ఈ జోడీ ఉంది. మన సదస్సుల్లో మొక్క ఒక్కటే వస్తుంది, జోడీ రాదు.

మొగిలి ఘాట్ ఎక్కినాక

పడమటి మండలాలు అని నొక్కి చెప్పడానికి కారణముంది. రాత్రిపూట గాలి పీల్చే మొక్కకు రాత్రి చల్లగా ఉండాలి. పగలు 25, రాత్రి 15 డిగ్రీలుంటే దీనికి బ్రహ్మాండం. రాత్రులు బాగా వేడెక్కితే రంధ్రాలు సరిగ్గా తెరవదు. బ్రెజిల్‌లో ఒకే రాష్ట్రంలో ఎత్తు మీద చల్లటి రాత్రులుండే చోట ఇది బాగా వస్తుంది, లోపలి వేడి మైదానాల్లో వెనకబడుతుంది. వాన తక్కువ పడే చోటల్లా ఇది పెరిగిపోతుందనుకోవడం పొరపాటు.

తిరుపతిలో మే నెల రాత్రి డాబా మీద పడుకుని చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెల్లారుజామున కూడా గచ్చు కాలుతూనే ఉంటుంది. బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కితే పలమనేరులో గాలే వేరు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పలమనేరు, పుంగనూరు, కుప్పం అన్నీ ఆ మెట్టే. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు దీన్ని మోసుకుపోయి నాటడం కంటే ఇక్కడే మొదలుపెట్టడం తెలివైన పని.

తూర్పు వైపు ఇంకో కష్టం ఉంది. ఈశాన్య రుతుపవనాలు. నాగజెముడు వేరుకు నిలిచిన నీరు పడదు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులే ఏరులయ్యాయి, అలాంటి ఏడు పల్లపు చేలో పెట్టిన మొక్క ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పడమటా అక్టోబరు, నవంబరుల్లో ముసురు పడుతుంది. కోసిన ఆకును నీడలో రెండు వారాలు ఆరబెట్టి, కోత దగ్గర పొర కట్టినాక నాటాలి. పచ్చి కోతతో ముసురులో నాటితే మొదలు కుళ్లి, తోస్తే పడిపోతుంది. గట్టు అనడానికి ఇదొక కారణం, అక్కడ నీరు నిలవదు.

కంపని తిన్న పురుగు

బావ నాయన కాల్చిన కంప సంగతికి వద్దాం. ఆ మొక్క ఈ దేశంది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. నాగజెముడు మీద బతికే కోచినీల్ పురుగు నుంచి ఎర్ర రంగు తీస్తారు, ఆ రంగు కోసం 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్ వాళ్లు మొక్కను, పురుగును ఇక్కడ పెంచాలని చూశారు. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు ఏకంగా నాగజెముడు తోటే వేశాడు. 1795లో బ్రెజిల్ నుంచి కలకత్తాకు పురుగు వచ్చింది. కావలసిన పురుగు కాదది. రంగు నాసి, కానీ ఒక జాతి నాగజెముడును మాత్రం నమిలేసింది. ఇంకో ముళ్ల జాతి మిగిలి, పొలాలు బీళ్లు కమ్మేసింది. 1926లో సింహళం నుంచి వేరే పురుగును తెచ్చి మద్రాసు రాష్ట్రంలో వదిలితే కొన్నేళ్లలో అది ఆ కంపను అణిచేసింది. చిత్తూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే. ఇప్పటికీ పాత కంప మీద తెల్లగా దూదిలాంటిది అంటుకుని ఉంటే వేలితో నలిపి చూడండి, ఎర్రగా అవుతుంది. అది ఆ పురుగే.

ఇదే జాతి పురుగు బ్రెజిల్‌లో 2000 ప్రాంతంలో మేత నాగజెముడు తోటల్ని వేల హెక్టార్లలో తినేసింది. మొరాకోలో 2014 నుంచి ఊళ్లకు ఊళ్ల తోటలు పోయాయి. బ్రెజిల్ వాళ్లు పురుగును తట్టుకునే రకాలకు మారి నిలదొక్కుకున్నారు. మరి పురుగు ముందే ఉన్న మన జిల్లాలో ముళ్లులేని రకం నాటితే? దక్షిణాఫ్రికా వాళ్లు ఈ పురుగులో రెండు తెగలున్నాయని తేల్చారు, ఒకటి ముళ్ల జాతిని మరిగింది, ఇంకోటి మేత జాతిని. మన కంప మీద ఉన్నది మొదటి తెగే అయితే భయం తక్కువ. దీనికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. పలమనేరులో పశు పరిశోధన స్థానం ఉంది, తిరుపతిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. గట్టు మీది పాత కంప నుంచి పురుగు తెచ్చి, పంచబోయే రకాల ఆకుల మీద వదిలి, బోనులో పెట్టి ఒక కాలం చూస్తే తేలిపోతుంది. మొక్కలు లక్షల్లో పంచకముందు ఈ పని జరగాలి. నాకున్న గట్టి అభ్యంతరం ఇదొక్కటే.

కంప మళ్లీ ఊరిని కమ్మేస్తుందన్న బావ భయాన్నీ తీసిపారేయలేను. ఆస్ట్రేలియాలో 1920ల నాటికి నాగజెముడు రెండు కోట్ల హెక్టార్ల పైచిలుకు నేలను ఆక్రమించింది. ముళ్లులేని రకం విత్తనం నుంచి మొలిస్తే ముళ్లు తిరిగి రావచ్చు. కానీ ఏటా ఆకు కోసుకునే మొక్క మీద పండ్లు పెద్దగా నిలవవు, పండు వేసేది పాత ఆకుల అంచున కాదు, నిరుడు వచ్చిన ఆకుల మీద. మనం కోసేదీ అవే. ప్రమాదమల్లా నాటించి వదిలేసిన చోట, పథకం పూర్తయిందని ఫొటో తీసుకుని పోయిన కొండ వాలుల్లో, ఊరుమ్మడి బీళ్లలో. కోసేవాళ్లు లేని చోట నాటకూడదు.

మేకలు

ముళ్లుండే కంపకు కాపలా అక్కర్లేదు, అదే కంచె. ముళ్లు తీసేస్తే మనకు తినిపించడానికి ఎంత సులువో ఊళ్లో మేకలకు తినడానికి అంతే సులువు. 1907లో అమెరికాలో కొత్త మొక్కల రకాలు సృష్టించి పేరుపొందిన లూథర్ బర్బాంక్ ముళ్లులేని నాగజెముడుతో ఎడారులన్నీ పశువుల దొడ్లవుతాయని ప్రచారం చేసి, ఆకులు మంచి ధరకు అమ్మాడు. కంచె లేని చోట కుందేళ్లూ పశువులూ మొక్కల్ని మిగల్చలేదు, పట్టించుకోని చోట మొక్క నిలవలేదు, ఆ మోజు కొన్నేళ్లలో చల్లారింది. ఆ కథ మన సదస్సుల్లో ఎవరన్నా చెబితే బాగుండు, టన్నుల స్లయిడ్‌కు ముందు.

మొదటి రెండేళ్లు కాపాడటమే అసలు ఖర్చు. ఆకు ఖరీదు దాని ముందు లెక్కలోకి రాదు. గుంత తవ్వడానికి కూలీ దొరుకుతుంది, రెండేళ్లు కాపలా ఎవరు కాస్తారు? అందుకని ఊరు మొత్తానికి ఒకేసారి కాకుండా, ఇప్పటికే కంచో, కంపచెట్ల అడ్డమో ఉన్న గట్లతో మొదలుపెట్టమని నేనంటాను. పథకం లక్ష్యం ఎన్ని ఎకరాలు అని కాకుండా, మూడో ఎండాకాలంలో ఎన్ని ఇళ్లలో ఆవులకు ఇది వేశారు అని ఉండాలి. అలా లెక్కపెట్టేవాళ్లు ఏ శాఖలో ఉంటారో మీకు తెలిస్తే చెప్పండి.

నిరుడు, అంటే 2025లో, తోతాపురి మామిడి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 కలిపి 12 ఇస్తామన్న రోజుల్లో చాలా ఇళ్లను నడిపింది పాల డబ్బే. అందుకే ఆవు మేత విషయంలో ప్రయోగం చెయ్యమంటే మన రైతు జంకుతాడు, జంకాలి కూడా. బావ చివరికి బావి వైపు గట్టు ఒక్కటి వదిలాడు. అక్కడ గ్లైరిసిడియా ముందే ఉంది, రాతి కట్టు ఉంది. "మేకలు పడితే మాత్రం నన్నడగొద్దు, మీ అక్కే కాపలా కాసుకోవల్ల" అన్నాడు. అక్క ఫోన్‌లోనే కసిరింది, "మేకలు ఎవురివో ముందు అది చూడు. మీ తమ్మునివే."